తరుగు

ఎనుమాముల గేటు ముందు తెల్లారగట్ల మూడింటికే
ట్రాలీలు బారు కట్టినయ్.
మిర్చి ఘాటుకు కుక్కలు సుత తుమ్ముతున్నయ్.
నా మెడల కొత్త ఐడీ కార్డు:
రైతు ఉత్పత్తిదారుల కంపెనీ, కొనుగోళ్ల మేనేజర్.
ఫొటోల నవ్వుతున్న.
ఇక్కడికొచ్చినంక ఇంకా నవ్వలే.

ఈ యార్డు నాకు కొత్త గాదు.
మా అమ్మ ఓదెమ్మ ఇదే సిమెంటు గచ్చు మీద
పద్దెనిమిదేండ్ల సంది చీపురు పడుతున్నది.
బస్తాల నుంచి రాలిన కాయ, కాళ్ల కింద పడ్డ కాయ,
తొడిమె ఊడిన కాయ
కొంగుల పోసుకొని, చెరిగి, మట్టి తీసి
పొద్దుమీకి చిల్లర బ్యారగానికి అమ్మితే
అది నా హాస్టల్ ఫీజు.
సెలవులకు ఇంటికొచ్చి అమ్మను పట్టుకుంటే
నా కండ్లల్ల నీళ్లు కారేటియి.
బిడ్డకు నా మీద ఎంత పాణమో అని
ఇరుగుపొరుగుకు చెప్పుకునేది.
అది మిర్చి అని నేను ఎన్నడు చెప్పలే.

రాజేంద్రనగర్ల రెండో సెమిస్టర్.
సారు బోర్డు మీద గొలుసు గీసిండు,
చేను కాడి నుంచి పళ్లెం దాక.
లంకెకూ లంకెకూ నడుమ ఎర్ర చాక్‌పీసుతోని
కోత తర్వాత నష్టం, గింత శాతం.
అందరు నోట్సుల ఎక్కించుకున్నరు.
నా పెన్ను ఆగింది.
ఆ శాతంల నుంచే గదా నేను బువ్వ తిన్నది.
ఆ నష్టమే గదా
మూడో బెంచీల జడేసుకొని కూసున్నది.

ఇంటర్వ్యూల అడిగిండ్రు,
"ఇన్ని కోర్సులుండంగ వ్యవసాయ వ్యాపారమే ఎందుకమ్మా?"
బట్టీ పట్టిన జవాబుండె,
విలువ జోడింపు, మార్కెట్ అనుసంధానం.
నోరు తెరిస్తే తుమ్మొచ్చింది.
ఎవరో లేచి ఏసీ తగ్గించిండ్రు.
నౌకరైతే ఇచ్చిండ్రు.

ఇయ్యాల జెండా పాట అయిపోయింది.
జెండా ధర ఏదో ఒక్క కుప్పకే. అందరికెరుకే.
అయినా అందరు ఆ అంకెనే ఇంటికి ఫోన్ చేస్తరు.

బానోతు హర్జ్యా. నెక్కొండ అవతల తండా.
ఇరవై రెండు బస్తాలు, తేజ రకం.
తేమ మీటరు పెట్టిన. పద్నాలుగు.
కంపెనీ గీసిన గీత పదకొండు.
"మూడొద్దులు మబ్బు పట్టె బిడ్డా, కల్లంల ఎండలే."
మా ఫారంల మబ్బుకు గడి లేదు.

దడ్వాయి రాజలింగం చెవుల ఊదిండు:
"క్వింటాలుకు ఐదు కిలోలు కొట్టు మేడం.
గిది తాతల నాటి లెక్క."
నేను ఫోన్ల లెక్క కట్టిన.
పద్నాలుగు ఎండి పదకొండైతే
పోయే నీళ్లు మూడు కిలోల నాలుగు వందల గ్రాములు.
మల్ల మిగిలిన కిలో ఆరు వందలు ఏడికి పోతయ్?

నాకు తెలుసు ఏడికి పోతయో.
కొంత ఒకరి సంచిలకు, కొంత ఇంకొకరి చాయ్‌కి,
కొంత గచ్చు మీదికి.
గచ్చు మీదిది చీపురు ముందటికి.
చీపురు ముందటిది
నా రెండో సెమిస్టర్ మూడో బెంచీ కాడికి.

మూడు కిలోల నాలుగు వందలు అని
తెలుగుల, పెద్దక్షరాలల్ల రాసిన. పైకి చదివిన.
హర్జ్యా దండం పెడ్తడనుకున్న.
చీటీ తిప్పి తిప్పి చూసిండు:
"ఐదు అనుకొనే వచ్చిన. ఇండ్ల ఇంకేమన్న మతలబున్నదా?"
రాజలింగం మూతి ముడుసుకున్నడు.
హమాలీలు నా కుప్పను ఆఖరుకు జరిపిండ్రు.

పొద్దుమీకింది. అమ్మ చీపురుతోని ఇటు దిక్కొచ్చింది.
స్కార్ఫు చాటున కండ్లొక్కటే కనవడుతున్నయ్.
గచ్చు ఆ కొస నుంచి ఈ కొస దాక చూసింది.
"ఏందే, ఇయ్యాల మీ కాంటా కాడ ఏం రాలనేలేదు?
సంచి కుట్లు గూడ నువ్వే చూసినవా?"

నవ్విందో, అలిగిందో
స్కార్ఫు తియ్యలే.